మా అమ్మ చూడని మొహం

ఆ వేసవంతా, ఊరు నిద్రకి ఒరిగే వేళకి మా ఇంట్లో పేకాట మొదలయ్యేది.

కాన్సెప్సియోన్‌లో డిసెంబరంటే నడివేసవి, పదకొండున్నరకే కొట్ల తలుపులు పడిపోతాయి. పన్నెండు దాటాక వీధిలో కుక్క కూడా నడవదు. మూడింటిదాకా ఎవరి గేటు ముందూ ఎవరూ నిలబడి, మా పద్ధతిలో చప్పట్లు కొట్టి పిలవరు. కునుకువేళ ఒకరింటికి వెళ్ళి పిలవడం మా దగ్గర పెద్ద మర్యాద తక్కువ పని. నేను ఆ వేళని ఎంచుకున్నది అందుకే. రాత్రి ఆటలంటే కార్లు ఆగడాలూ, కుక్కలు మొరగడాలూ, పక్కింటివాళ్ళు తెర జరిపి చూడడాలూ ఉంటాయి. మధ్యాహ్నం ఆటకి ఆ బెడద లేదు. పోలీసాయన కూడా ఆ వేళ చొక్కా విప్పుకుని ఊయలలో పడుకుని ఉంటాడు.

ఆట పెట్టింది నేనే. ఆ నెపం ఎవరి మీదా నెట్టను. సరిహద్దు ఊళ్ళో ఒక కాసినోలో తొమ్మిదేళ్ళు ముక్కలు పంచాను. అది మూతపడ్డాక, చేతుల్లో ఆ విద్య తప్ప ఇంకేమీ లేకుండా అమ్మ దగ్గరికి వచ్చి పడ్డాను. వచ్చేసరికి అమ్మ రెండు కళ్ళలోనూ శుక్లాలు ముదిరిపోయి ఉన్నాయి. రాజధాని అసున్సియోన్‌లో డాక్టరు ఫిబ్రవరి ఆఖరివారానికి ఆపరేషన్ రాసిచ్చి, ఎంతవుతుందో చెప్పాడు. నా మొహం చూసి చీటీ వెనక్కి తిప్పి అదే అంకె మళ్ళీ రాశాడు. ఆ అంకె కోసమే ఆట. ఈ ఒక్క వేసవి గడిస్తే అమ్మకి కళ్ళొస్తాయి, బల్ల మళ్ళీ అన్నం తినే బల్ల అయిపోతుంది అనుకున్నాను.

"ఇంట్లో జూదమేంటే?" అంది అమ్మ మొదటిరోజు.

"జూదం కాదమ్మా, పోకర్. తెలివి మీద ఆడే ఆట."

"తెలివున్నోళ్ళు ఇంత ఎండలో పడుకుంటారు."

చివరికి ఒక్క షరతు మీద ఒప్పుకుంది. ఎవడి తల్లిని తాను ఎరుగునో వాడే గడప తొక్కాలి. అలాంటివాళ్ళు ఐదుగురు దొరికారు. నోటరీ దోన్ ఓవిదియో, పశువుల డాక్టరు తార్సీసియో, మందులషాపాయన, ఐసు ఫ్యాక్టరీ ఆయన, పడవల మీద సిమెంటు తెప్పించే అన్నదమ్ముల్లో చిన్నవాడు. వీళ్ళ తల్లులందరి పేర్లూ, పాత తగువులూ, ఎవరు ఎవరి పెళ్ళికి మొహం మాడ్చుకుని వచ్చారో కూడా అమ్మకి కంఠతా వచ్చు.

నా జాగ్రత్తలు నాకున్నాయి. వీధి తలుపుకి లోపల ఇనప అడ్డగడియ బిగించాను, చూడడానికి కంత పెట్టించాను. ఒకరి తర్వాత ఒకరు పది నిమిషాల ఎడంగా రావాలి. ఫోన్లన్నీ గుమ్మం పక్కన రొట్టెల బుట్టలో పడెయ్యాలి. బల్ల మీద రంగు బిళ్ళలే తప్ప నోటు కనపడకూడదు. నోట్లు వంటింట్లో కర్రపెండలం పిండి డబ్బాలో ఉంటాయి. కాసినోలో నేర్చుకున్నదంతా చేశాను, అంతా వీధి వైపే చేశాను. పెరటి వైపు అమ్మ ఉంది కదా అని ఊరుకున్నాను.

ఆ మధ్యాహ్నాలు నాకు ఇప్పటికీ కలలోకి వస్తాయి. చెక్క కిటికీల సందుల్లోంచి వెలుగు చారలు చారలుగా బల్ల మీద పడేది. బయట ఇలకోళ్ళ రొద తెరిపి లేకుండా సాగేది. లోపల మందపాటి గోడల మధ్య చల్లగా, నీళ్ళ అడుగున కూర్చున్నట్టు ఉండేది. చల్లటి ఆకు పానీయం, తెరెరే పోసిన కూజాలో ఐసు ముక్కలు కదిలేవి. కొమ్ముతో చేసిన ఒకే గ్లాసు, ఒకే గొట్టం అందరి చేతుల్లోంచీ తిరిగి మళ్ళీ నా దగ్గరికి వచ్చేవి. ఓడిపోయినవాడు కూడా నిద్రమత్తులో ఓడిపోయినట్టు మెల్లగా ఓడిపోయేవాడు. ముక్కలు కలుపుతుంటే వచ్చే ఆ గలగలకి నాకే కళ్ళు మూతలు పడేవి.

"నిమియా, ఈ ముక్కలు పంచేవా, శాపనార్థాలు పెట్టేవా?" అనేవాడు దోన్ ఓవిదియో.

"చేతికొచ్చింది పంచాను దోన్ ఓవిదియో. ఆడడం రానిదానికి నన్నంటారేంటి?"

"చూడండయ్యా, ఇంట్లో పెళ్ళాం తిట్టేది చాలక డబ్బిచ్చి మరీ ఇక్కడ తిట్లు తింటున్నాను!"

అందరూ గొంతు తగ్గించి నవ్వేవాళ్ళు. ఊరు నిద్రలో ఉంది మరి.

అమ్మకి మాత్రం మధ్యాహ్నం నిద్ర పట్టేది కాదు. పెరటి వసారాలో పేము కుర్చీలో, మామిడిచెట్టు వైపు మొహం పెట్టుకుని కూర్చునేది. ఆమెకి కనిపించేది వెలుగూ నీడా, దగ్గరికొస్తే కొంచెం రంగూ. డిసెంబరు ఆఖర్లో ఒకరోజు ఆట ముగిశాక నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"వచ్చేడే," అంది గుసగుసగా.

"ఎవరు?"

"వాడే. జసీ జాతెరే."

నేను పడీ పడీ నవ్వాను. మా ఊళ్ళో పిల్లలందరినీ పడుకోబెట్టేది ఆ పేరే. పసుపుపచ్చ జుట్టు చిన్నవాడు బంగారు కర్ర పట్టుకుని, పిట్టలా ఈల వేసుకుంటూ కునుకువేళ తిరుగుతాడు. నిద్రపోకుండా బయట తిరిగే పిల్లలకి తేనె పెట్టి అడవిలోకి తీసుకుపోతాడు. నన్నూ అమ్మ అలా చెప్పే పడుకోబెట్టింది.

"డెబ్భై ఎనిమిదేళ్ళ దాన్ని వాడేం చేసుకుంటాడమ్మా?"

"నవ్వకు. గోడ మీద కూర్చున్నాడు. తల పచ్చగా మెరిసింది."

"మామిడిపండయి ఉంటుంది."

"మామిడిపండు ఈల వేస్తుందటే?"

మర్నాడు అమ్మ సాసర్లో కొంచెం తేనె పోసి, పక్కన రెండు పొగాకు చుట్టలు పెట్టి, తడుముకుంటూ వెళ్ళి గోడ మీద ఉంచి వచ్చింది. సాయంత్రానికి సాసరు ఖాళీ. తేనె చీమలు తిన్నాయనుకున్నాను. చుట్టలు పక్కింటి తోటమాలి పట్టుకుపోయి ఉంటాడనుకున్నాను. అమ్మ మొహంలో చాలా కాలానికి ఒక సరదా వచ్చింది. దాన్ని చెడగొట్టడం ఎందుకని ఊరుకున్నాను.

జనవరి వచ్చేసరికి వసారాలోంచి మాటలు వినపడేవి. నేను ముక్కలు పంచుతుంటే అమ్మ మెల్లగా ఏదో చెప్పేది, నవ్వేది, ఆగి మళ్ళీ చెప్పేది.

"న్యా కాందే ఎవరితో మాట్లాడుతోంది?" అన్నాడు తార్సీసియో. అమ్మని ఊరంతా అలాగే పిలుస్తుంది.

"జసీ జాతెరేతో."

"అయితే లోపలికి రమ్మను. ఆ బంగారు కర్ర పందెం కాయిద్దాం!"

మళ్ళీ నవ్వులు. ఐదుగురు మగాళ్ళు, నేను. ఒక్కరం లేచి పెరట్లోకి తొంగి చూడలేదు. వేరే దేశంవాడు ఎవడైనా ఆ బల్ల దగ్గరుంటే, గోడెక్కిన మనిషెవడని అడిగి ఉండేవాడు. మేమందరం చిన్నప్పుడు ఆ పేరు వినగానే కళ్ళు గట్టిగా మూసుకుని పడుకున్నవాళ్ళం. పెద్దయ్యాక కూడా అదే పని చేశాం.

"వాణ్ణి అమ్మమ్మే పెంచిందట," అంది అమ్మ ఒకరోజు, నాతో పాటు చిక్కుళ్ళు ఒలుస్తూ.

"జసీ జాతెరేకి అమ్మమ్మ కూడా ఉందా?"

"ఎవరికుండదు? బాగా ఆకలి మీద ఉంటాడు పాపం."

అప్పుడైనా నాకు అనుమానం రావాలి. నా బుర్ర నిండా ఫిబ్రవరి ఆఖరివారం ఉంది. పిండి డబ్బాలో ఎంత చేరిందో, ఇంకెంత చేరాలో, అదే.

ఆ నెలలోనే ఐసు ఫ్యాక్టరీ ఆయన భార్య పురుడని అసున్సియోన్ వెళ్ళాడు. కుర్చీ ఖాళీ అయింది. ఆట పలచబడింది, ఇంటి వాటా కింద నాకొచ్చేదీ తగ్గింది. తార్సీసియో ఒక మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. పేరు అదెల్మో. ఓర్కేతా ఊరి వైపు పశువులు కొంటాడట.

"మంచివాడు," అన్నాడు తార్సీసియో నా చెవిలో. "అన్నిటికంటే ముఖ్యం, ఓడిపోతాడు."

అమ్మ చేత్తో గోడ పట్టుకుని హాల్లోకి వచ్చి నిలబడింది. "మీ అమ్మ పేరేంటి నాయనా?"

"ఆవిడ పోయిందండీ."

"పోయినా పేరుంటుందిగా."

అతను నవ్వి ఏదో పేరు చెప్పాడు. అమ్మ కాసేపు లోపల్లోపల వెతుక్కుంది. తల అడ్డంగా ఊపింది. నన్ను వంటింట్లోకి పిలిచి, "నేనెరగను. వద్దే," అంది.

"ఇంకా మూడోవంతు తక్కువుందమ్మా."

"కళ్ళు లేకపోతే చచ్చిపోను."

"నీకు లేకపోయినా ఫరవాలేదేమో. నాకు కావాలి నీ కళ్ళు."

నేను వెళ్ళి అతనికి బిళ్ళలు ఇచ్చాను.

అదెల్మో మర్యాదగా ఆడేవాడు, మర్యాదగా ఓడిపోయేవాడు. లేచేటప్పుడు నాకు వేరుగా ఒక బిళ్ళ వదిలేవాడు. గురువారాలు పెద్ద ఆటా అని అడిగాడు. ఇంత సొమ్ము పట్టుకుని ఎండలో బ్యాంకుకి వెళ్ళడం కష్టం కదా అని నా మీద జాలిపడ్డాడు. ముక్కలు చేతికొచ్చినప్పుడు అందరూ ముక్కలు చూసేవాళ్ళు, అతను తలుపులు చూసేవాడు. కాసినోలో అలాంటివాడు కనిపిస్తే పై అంతస్తులో కెమెరాల వాళ్ళకి సైగ చేసేదాన్ని. ఇక్కడ పై అంతస్తూ నేనే, కింది అంతస్తూ నేనే. సైగ చెయ్యాల్సింది నాకు నేనే. చెయ్యలేదు.

జనవరి ఆఖరి గురువారం నలభై మూడు డిగ్రీలు. మామిడాకులు కూడా కదలడం లేదు. దోన్ ఓవిదియో ఆ పూట గెలుస్తున్నాడు, అందుకని గొణగడం మానేశాడు. మధ్యలో బిళ్ళలు ఎప్పుడూ లేనంత ఎత్తు పేరుకున్నాయి. నాలుగో ముక్క తిప్పబోతుంటే వసారాలోంచి అమ్మ గొంతు వినిపించింది.

"ఉండు నాయనా, గడియ తీస్తున్నా. మంచినీళ్ళే కదా."

విన్నాను. విని, ముక్క తిప్పాను. అది రుహితన్ తొమ్మిది. ఆ ముక్క నాకు ఇప్పటికీ కనబడుతుంది.

ముగ్గురు లోపలికి వచ్చారు. టోపీలు, మొహాలకి చుట్టుకున్న బనీన్లు, చేతుల్లో తుపాకులు. చప్పుడు చెయ్యకుండా, నిద్రపోయే పిల్లల గదిలోకి వచ్చినట్టు వచ్చారు. "నేల మీద పడుకోండి," అన్నాడు ముందున్నవాడు మెల్లగా. "అరవకండి. జనం పడుకున్నారు."

పడుకున్నాం. గచ్చు చల్లగా ఉంది. నా పక్కన దోన్ ఓవిదియో పెద్ద పొట్ట మీద బోర్లా పడి ఆయాసపడుతున్నాడు. అదెల్మో కూడా అందరితో పాటు బుద్ధిగా పడుకున్నాడు. ఒకడు ఉంగరాలు, గడియారాలు లాగాడు. ఇంకొకడు దేనికోసమూ వెతక్కుండా తిన్నగా వెళ్ళి పిండి డబ్బా తెచ్చాడు. పిండి గచ్చు మీద, దోన్ ఓవిదియో జుట్టు మీద తెల్లగా రాలింది. అందులో ఆటగాళ్ళ డబ్బుతో పాటు అమ్మ కళ్ళ డబ్బూ ఉంది.

మూడోవాడు అమ్మ మోచెయ్యి పట్టుకుని, గడప తగలకుండా దాటించి, తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"వీళ్ళంతా ఎవరు నాయనా?" అంది అమ్మ. "నీతోపాటే వచ్చారా? చెప్పలేదేం?"

డబ్బా పట్టుకున్నవాడి చెయ్యి ఆగిపోయింది. నాయకుడు వెనక్కి తిరిగాడు.

"ముసల్ది నిన్నెరిగినట్టుంది రా."

"లేదు. నన్నేం ఎరగదు," అన్నాడు మూడోవాడు. గొంతు ఇంకా సరిగ్గా ముదరలేదు.

తుపాకీ పైకి లేచి అమ్మ నుదుటి దగ్గర ఆగింది. నేల మీంచే నా గొంతు లేచింది. కాసినోలో బల్ల మూసేస్తున్నామని చెప్పేటప్పటి గొంతు, ఎత్తూ పల్లం లేనిది.

"మా అమ్మ గుడ్డిది. ఏదీ కనపడదు. దయ్యంతో మాట్లాడుతున్నాననుకుని ఎవరితో పడితే వాళ్ళతో మాట్లాడుతుంది. మీ పని మీరు చూసుకెళ్ళండి."

నాయకుడు తుపాకీని ఆమె కళ్ళ ముందు అటూ ఇటూ ఊపాడు. కిటికీ సందులోంచి వచ్చే వెలుగు ఆ ఇనుము మీద పడి మెరిసింది. వెలుగంటూ ఉంటే అమ్మకి తెలుస్తుంది. ఆ మెరుపు ఆమె కంట్లో పడి తీరుతుంది. ఆమె రెప్ప కొట్టలేదు. ఎదురుగా గోడ అవతల, నది అవతల ఎక్కడో చూస్తున్నట్టు ఉండిపోయింది.

"నిజమేనా?" అన్నాడు వాడు.

"నా చెయ్యే నాకు కనపడదు బాబూ. అన్నం ముద్ద నోటికి దారి వెతుక్కుంటుంది."

తొమ్మిదేళ్ళలో ఎందరో ఆరితేరినవాళ్ళ ఎదురుగా ముక్కలు పంచాను. అలాంటి మొహం ఎవరి దగ్గరా చూడలేదు.

వెళ్ళిపోయారు. అంతా కలిపి పది నిమిషాలు కూడా కాలేదు. కూజాలో ఐసు ఇంకా కరగలేదు.

తార్సీసియో ముందు లేచాడు, కోపంతో ఎర్రబడ్డాడు. "పెరటి గడియ తీసిందెవరు? ఆ?" అని అమ్మ వైపు తిరిగాడు. "న్యా కాందే, వాడి మొహం గుర్తుపట్టగలవా? గట్టిగా ఆలోచించి చెప్పు."

"నోరు ముయ్యి తార్సీసియో," అన్నాడు దోన్ ఓవిదియో. జుట్టులో పిండి దులుపుకోకుండానే చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. "పోలీసుల దగ్గరికెళ్తే, మధ్యాహ్నం పూట అందరూ ఇక్కడేం చేస్తున్నారని ముందు మనల్నే అడుగుతారు. ఇక్కడేమీ జరగలేదు. ఇంకో మాట. ఆవిడకి కళ్ళు లేవు. మనందరం చెవులారా విన్నాం. రేపట్నుంచి ఊరంతా అదే వింటుంది. అర్థమైందా?"

అర్థమైంది. అది ఆయన మా అమ్మకి వేసిన కాపలా. మూడు కొట్టేసరికి వీధిలో కొట్ల తలుపులు తెరుచుకుంటున్నాయి. ఒక్కొక్కరే పది నిమిషాల ఎడంగా వెళ్ళిపోయారు. అదెల్మో ఆఖర్న, టోపీ ఎత్తి నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు. తర్వాత ఓర్కేతాలో అడిగితే అలాంటి పశువుల బేరగాణ్ణి అందరూ ఎరగమన్నారు. మర్నాటి నుంచి ఎవరూ మా గేటు ముందు చప్పట్లు కొట్టలేదు.

"నేనే తీశానే గడియ," అంది అమ్మ.

"ముందు తలుపు తీసింది నేను. నువ్వు వద్దన్నావు."

ఆమె తన మోచెయ్యి తడుముకుంది. "చిన్నవాడే నిమియా. నా కాలికి గడప తగలనివ్వలేదు."

ఫిబ్రవరి ఆఖరివారం వచ్చింది, వెళ్ళింది. నేను డాక్టరుకి ఫోన్ కూడా చెయ్యలేదు. రాలేమని చెప్పడానికి నోరు రాలేదు.

మార్చిలో మొదటి వానలు పడ్డాక బడిలో ఉచిత కంటి శిబిరం పెట్టారు. బయటి దేశపు డాక్టర్లు, రెండే రోజులు. నేను ముందురోజే వెళ్ళి నిలబడి అమ్మ పేరు రాయించాను. ఒకటో నంబరు చీటీ ఇచ్చారు. నా బతుకులో గెలిచిన పందెం అదొక్కటే అనిపించింది. పొద్దున్నే అమ్మ తలంటుకుని, చేతికుట్టు పువ్వుల తెల్ల జాకెట్టు వేసుకుంది. దారంతా ఒకటే మాటలు.

"ముందు నది చూస్తాను. తర్వాత నిన్ను. ముసలిదానివైపోయావేమో, ఎవరికి తెలుసు!"

"నిన్ను నువ్వు చూసుకో ముందు."

"అద్దం దాచెయ్యవే. ఆ బాధ నాకొద్దు."

బడి వరండాలో బెంచీ మీద కూర్చున్నాం. మెల్లగా వరస పెరిగింది. మా ముందుకి ఒక కుర్రాడు ఒక ముసలావిణ్ణి చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చాడు. గుండు చేయించుకుని ఉన్నాడు, పంతొమ్మిదేళ్ళుంటాయేమో. ఆవిణ్ణి కూర్చోబెట్టి, మా వైపు చూసి, వచ్చి అమ్మ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"బాగున్నావా అవ్వా?"

అమ్మ వేళ్ళు నా మణికట్టు మీద బిగుసుకున్నాయి. గోళ్ళు దిగాయి. వాడెవడో నాకు అప్పుడు తెలిసింది.

"బాగున్నా నాయనా. ఎవరూ?"

"ఎవరో ఒకళ్ళంలే. కళ్ళ కోసం వచ్చావా?" అని, నా మొహంలోకి చూశాడు. "చూపొస్తుందంటారా?"

బెదిరింపు లేదు ఆ గొంతులో. నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాడు. నాకు భయం వేసింది అందుకే. ఆ కళ్ళు బాగైతే వాడేం చెయ్యాల్సి వస్తుందో, వాడి చేత ఎవరు చేయిస్తారో, అది వాడికే ఇష్టం లేదని తెలిసిపోతోంది. అరచేతిలో ఒకటో నంబరు చీటీ చెమటకి తడిసింది. గుప్పిట మూశాను.

"రాదు," అన్నాను. "డాక్టరు చూసేశాడు. లోపల నరం చచ్చిపోయిందట. ఇంక ఎవరూ ఏం చెయ్యలేరన్నాడు."

ఆ మాట అమ్మ వినడం అదే మొదటిసారి. డాక్టరు ఇంకా తలుపే తెరవలేదు. ఆమె మొహం ఒక్క క్షణం ఖాళీగా అయింది, అంతే. నా మణికట్టు వదిలేసింది.

"అవును నాయనా," అంది. "ఏం చెయ్యలేరట. ఇంటికెళ్ళిపోదామనే లేస్తున్నాం. మీ అమ్మమ్మని ముందుకి పంపు, ఆవిడ చూడాల్సింది చాలా ఉంటుంది."

కుర్రాడు తల దించుకున్నాడు. పెద్దవాళ్ళ దగ్గర సెలవు తీసుకునేటప్పుడు మా పిల్లలందరూ చేసేట్టే చేతులు జోడించి, "దీవించు అవ్వా," అన్నాడు.

అమ్మ చెయ్యెత్తింది. అంత దగ్గర్లో వాడి గుండు నీడ ఆమె కంటికి తప్పకుండా ఆనుతుంది. అయినా ఆ చెయ్యి వాడి తలకి జానెడు పక్కగా వెళ్ళి, ఖాళీ గాలిలో శిలువ గీసింది.

లోపలినుంచి నర్సు వచ్చి ఒకటో నంబరు అని పిలిచింది. రెండుసార్లు పిలిచింది. అప్పటికి మేం మెట్లు దిగిపోతున్నాం. నేను అమ్మకి చేసిన అన్యాయాల్లో అది అన్నిటికంటే పెద్దది, అది తప్ప దారి లేదు కూడా. రెండూ నిజమే, రెండూ నన్ను వదల్లేదు.

మా వీధి మలుపు తిరిగాక నేనే అన్నాను.

"మొహం మామూలుగానే ఉందమ్మా వాడికి. చిన్న మచ్చ..."

"చెప్పకు," అంది అమ్మ గట్టిగా. "చెప్పావంటే నేను చూసినట్టే."